ప్రమోషన్ తీసుకోవాలా, ఒకటో తరగతిలోనే ఉండిపోవాలా? ఒక ఎస్జీటీ ప్రశ్నకు జవాబు

అమ్మా, మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. 2012 డీఎస్సీలో ఎస్జీటీగా (ప్రాథమిక తరగతులకు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచరుగా) వచ్చారు. అప్పటినుంచి ఒకటి, రెండు తరగతులే చెప్తున్నారు, అదే ఇష్టం కూడా. ఈ మధ్యే 12 ఏళ్ల సర్వీసుకు ఇచ్చే పై స్కేలు వచ్చింది. ఇప్పుడు స్కూల్ అసిస్టెంట్ బయాలజీ ప్రమోషన్ లిస్టులో పేరు ఉంది, దొరికే హైస్కూలు నలభై కిలోమీటర్ల దూరం. ఇంట్లోవాళ్లేమో ‘వచ్చిన ప్రమోషన్ ఎవరైనా వద్దంటారా’ అంటున్నారు. వద్దంటే రిటైరయ్యేదాకా ఎదుగూ బొదుగూ లేకుండా ఉండిపోతానేమోనని మీ భయం. స్టాఫ్ నర్సుగా ఉన్న మీ చెల్లెలిదీ, ఫ్యాక్టరీలో షిఫ్ట్ సూపర్‌వైజర్‌గా ఉన్న మీవారిదీ ఇలాంటి గొడవే అని కూడా రాశారు.

నేను ఎస్జీటీగా చేరి, స్కూల్ అసిస్టెంటునై, హెచ్‌ఎంగా రిటైరయ్యాను. మధ్యలో కొన్నాళ్లు జిల్లా స్థాయి ట్రైనర్ల బృందమైన డీఆర్‌జీలో టీచర్లకు ట్రైనింగులు ఇచ్చాను. కాబట్టి రెండు వైపులా చూశాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: మీరు రాసినదాన్నిబట్టి ఈ ప్రమోషన్ వదులుకోవడంలో తప్పేమీ లేదు. కానీ వదులుకుని ఇప్పుడున్నట్టే ఉండిపోతే కొన్నేళ్లకు విసుగు తప్పదు. ప్రమోషన్ అంటే జీతం, హోదా, పని మూడూ కలిసి పెరుగుతాయని అందరూ అనుకుంటారు. మీ విషయంలో ఆ మూడూ ఎప్పుడో విడిపోయాయి.

జీతం చూడండి. 2022 పీఆర్సీలో (వేతన సవరణలో) ఎస్జీటీ స్కేలు 32,670–1,01,970. స్కూల్ అసిస్టెంట్ స్కేలు 44,570–1,27,480. ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ స్కీమ్ కింద ప్రమోషన్ లేకపోయినా 6 ఏళ్లకు స్పెషల్ గ్రేడ్, 12కి ఎస్‌పీపీ-1ఏ (స్పెషల్ ప్రమోషన్ పోస్టు స్కేలు), 18కి ఎస్‌పీపీ-1బీ, 24కి ఎస్‌పీపీ-2 వస్తాయి కదా. ఎస్జీటీకి 12 ఏళ్లకు వచ్చే స్కేలూ, స్కూల్ అసిస్టెంట్ స్కేలూ ఒకటే. డిగ్రీ, బీఈడీ ఉన్నాయి కనుక మీరు బడి మారకుండానే ఆ స్కేల్లోకి వెళ్లిపోయారు. పై స్కేలుకు మారేటప్పుడు ఎఫ్ఆర్ 22బీ రూలు కింద వచ్చే జీతం పెంపు లాభం అప్పుడే తీసేసుకున్నారు. ఇప్పుడు ప్రమోషన్ తీసుకుంటే అదే రూళ్లలోని 22(ఏ)(ఐ) కింద జీతం ఖరారు చేస్తారు, చేతికి అదనంగా వచ్చేది దాదాపు ఏమీ ఉండదు. 6 ఏళ్ల స్కేల్లో ఉండగా ఈ ప్రమోషన్ వచ్చి ఉంటే లెక్క వేరుగా ఉండేది. రోజుకు ఎనభై కిలోమీటర్ల పెట్రోలు ఖర్చు కూడా కలుపుకుంటే మొదట్లో మీరు నష్టపోతారు.

ఇంట్లోవాళ్లకు ఈ లెక్క కాగితం మీద వేసి చూపించండి. సగం వాదన అక్కడే ఆగిపోతుంది.

అయితే ఒక సంగతి మాత్రం గట్టిగా ఆలోచించాలి. మీకు ఎప్పటికైనా హెచ్‌ఎం కావాలని ఉందా? ఉంటే తీసుకోండి, ఇంకేమీ చూడొద్దు. ఎందుకంటే గ్రేడ్-2 హెచ్‌ఎం పోస్టుకు సీనియారిటీ స్కూల్ అసిస్టెంట్‌గా చేరిన రోజునుంచి లెక్కపెడతారు. ఆంధ్రప్రదేశ్‌లో రిటైర్మెంట్ వయసు 62. మీకు ఇంకా ఇరవై ఏళ్లు పైనే సర్వీసు ఉంది కనుక ఇప్పుడు ఎక్కితే, డిపార్ట్‌మెంటల్ టెస్టులు పాసైతే, హెచ్‌ఎం కుర్చీ అందుతుంది. ఇప్పుడు వదిలేసి పదేళ్ల తర్వాత మనసు మార్చుకుంటే మీకంటే చిన్నవాళ్లు ముందుంటారు. దాని పైన ఎంఈవో (మండల విద్యాధికారి), డిప్యూటీ ఈవో (డివిజన్ స్థాయి విద్యాధికారి) అని మెట్లు ఉన్నాయి కానీ వాటిమీద ఆశ పెట్టుకోమని నేను ఎవరికీ చెప్పను. ప్రభుత్వ టీచర్లకా, పంచాయతీరాజ్ టీచర్లకా అన్న సర్వీసు రూల్స్ తగాదాలో ఆ పోస్టులు దశాబ్దాలపాటు కోర్టుల్లో నలిగాయి. ఎన్నో మండలాలు ఏళ్ల తరబడి ఇన్‌ఛార్జిలతోనే నడిచాయి.

హెచ్‌ఎం కావాలని లేకపోతే మిగిలేది పని. అసలు మాట్లాడుకోవాల్సింది దాని గురించే.

మన వ్యవస్థలో చిత్రం ఏమిటంటే, ఒకటో తరగతి పిల్లలకు చదవడం నేర్పడంలో చేయి తిరిగినవాళ్లకు ఇచ్చే బహుమతి, వాళ్లను ఆ పిల్లల దగ్గరనుంచి తీసేయడం. మీరు పదమూడేళ్లలో నేర్చుకున్నదాన్ని చూడండి. గుణింతాల దగ్గర ఏ పిల్ల ఎందుకు ఆగిపోతుందో, ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లవాణ్ని తెలుగులోకి ఎలా తేవాలో మీకు తెలుసు. హైస్కూల్లో పదో తరగతికి కిరణజన్య సంయోగక్రియ చెప్పడానికి అందులో చాలావరకు పనికిరాదు. అక్కడ మీరు మళ్లీ కొత్త టీచరే. పైగా పదో తరగతి రిజల్ట్స్, వంద రోజుల ప్రణాళిక, స్టడీ అవర్లు. అది ఇష్టమైనవాళ్లు ఉన్నారు, అది చిన్న పనేమీ కాదు. కానీ మీ పనికి అది పై మెట్టు అవదు. అది పక్కనున్న వేరే పని.

జాతీయ విద్యావిధానం 2020 కూడా ఈ మాట ఒప్పుకుంది. ఏ దశలో చెప్పేవాళ్లకు ఆ దశలోనే ఎదుగుదల ఉండాలనీ, ప్రమోషన్ కోసం చిన్న తరగతులనుంచి పెద్ద తరగతులకు పోవాల్సిన అవసరం ఉండకూడదనీ రాసింది. సీనియారిటీ ఒక్కటే కాకుండా పనితీరు కూడా చూసి పై మెట్లు ఇవ్వాలని కూడా రాసింది. కాగితం మీద చక్కగా ఉంది. మన సర్వీసు రూల్స్‌లో మాత్రం ఎస్జీటీకి ప్రాథమిక బడిలోనే ఉండి ఎక్కగల మెట్టు ఒక్కటే, ఎల్ఎఫ్ఎల్ హెచ్‌ఎం (ప్రాథమిక బడి హెడ్‌మాస్టరు పోస్టు). ఆ పోస్టులు తక్కువ. అయినా మీ జిల్లాలో ఆ లిస్టులో మీ నంబరు ఎంతో కనుక్కోండి. మీలాంటివాళ్లకు స్కూల్ అసిస్టెంట్ కంటే అదే నయమని నా ఉద్దేశం.

ఇక ‘ఎదుగూ బొదుగూ’ సంగతి. ఉద్యోగంలో తృప్తి దేనివల్ల వస్తుందన్నదాని మీద ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే అమెరికన్ సైకాలజిస్టు పేరు మేనేజ్‌మెంట్ చదివినవాళ్లందరికీ తెలుసు. 1950లలో పిట్స్‌బర్గ్ ప్రాంతంలో 203 మంది ఇంజనీర్లను, అకౌంటెంట్లను కదిలించి, పనిలో ఎప్పుడు సంతోషంగా ఉన్నారు, ఎప్పుడు చిరాకు పడ్డారు అని అడిగాడు. జీతం, పై అధికారి తీరు, రూల్సు, పనిచేసే చోటు బాగాలేకపోతే చిరాకు. అవి బాగైతే చిరాకు పోతుంది, అంతే. ఉత్సాహం మాత్రం వేరేచోటనుంచి వస్తోంది: చేసిన పని ఫలించడం, దాన్ని నలుగురూ గుర్తించడం, బాధ్యత, కొత్తది నేర్చుకోవడం, పనిలోనే ఉండే రుచి. ఆ సిద్ధాంతం మీద తర్వాత విమర్శలు చాలా వచ్చాయి. మనిషి విజయాన్ని తన ఖాతాలో, వైఫల్యాన్ని ఇతరుల ఖాతాలో వేసుకోవడం మామూలేనన్నది అందులో ఒకటి, న్యాయమైనదే. కానీ ఆయన 1968లో రాసిన ఒక ప్రయోగం మాత్రం నేను ట్రైనింగుల్లో తరచూ చెప్పేవాణ్ని, మన బడులకు అది అంత దగ్గరగా ఉంటుంది కనుక.

ఒక పెద్ద కంపెనీలో షేర్‌హోల్డర్ల ఉత్తరాలకు జవాబులు రాసే ఉద్యోగినులు. చదువుకున్నవాళ్లు, తెలివైనవాళ్లు, కానీ పని చప్పగా ఉండేది. రాసిన ప్రతి ఉత్తరాన్నీ సూపర్‌వైజర్ చూడాలి, సంతకమూ పైవాళ్లదే. అచ్చు పోసిన వాక్యాలు తప్ప సొంతమాట రాయకూడదు. ప్రయోగంలో జీతం పెంచలేదు, కుర్చీలు మార్చలేదు. ఒక్కొక్కటిగా కొన్ని మార్పులు చేశారు. ఒక్కో విషయంలో ఒక్కొక్కరిని నిపుణులుగా పెట్టారు, సందేహం వస్తే సూపర్‌వైజర్ దగ్గరికి పోయేముందు వాళ్లను అడగాలి. ఉత్తరం మీద రాసినవాళ్లే సంతకం పెట్టాలి. అనుభవం ఉన్నవాళ్ల ఉత్తరాలు నూటికి నూరు చూడటం మానేసి పదింటికి ఒకటి చూశారు. ఉత్తరం సూపర్‌వైజర్ బల్లమీదికి పోకుండా నేరుగా పోస్టుకు వెళ్లింది. తప్పొస్తే బాధ్యత రాసినవాళ్లదే. మొదటి కొద్ది నెలలు పని మందగించింది. తర్వాత నాణ్యతా పెరిగింది, ఉద్యోగం పట్ల ఇష్టమూ పెరిగింది.

అందులో మందగించిన నెలల సంగతి గుర్తుపెట్టుకోండి. మన డిపార్ట్‌మెంటులో ఏ కొత్త పద్ధతికీ అన్ని నెలల ఓపిక దొరకదు. మూడో నెలలో బేస్‌లైన్ టెస్టు, నాలుగో నెలలో మెమో.

ఉత్తరాలు రాసేవాళ్లకు చేసింది చూశాక మనకు చేస్తున్నది చూడండి. టీచరుకు బాధ్యత పెంచాం అంటూ ఇచ్చేది ఇంకో యాప్, ఇంకో రిజిస్టరు. కొన్నాళ్లు మన రాష్ట్రంలో మరుగుదొడ్ల ఫొటోలు కూడా టీచర్లతోనే అప్‌లోడ్ చేయించారు. మధ్యాహ్న భోజనం, కోడిగుడ్లు, యూనిఫాం కొలతలు, ఓటర్ల జాబితా చూసే బీఎల్‌వో డ్యూటీ. పని బరువు పెరిగింది, నిర్ణయం మాత్రం ఒక్కటీ మన చేతికి రాలేదు. హెర్జ్‌బర్గ్ దీన్ని అడ్డంగా పని పెంచడం అన్నాడు. నిలువుగా పెంచడమంటే పైవాడి చేతిలో ఉన్న నిర్ణయం ఒకటి మీ చేతికి రావడం. ఏ పాఠం ఎన్ని రోజులు చెప్పాలి, ఏ పిల్లకు ఏ పరీక్ష పెట్టాలి, లైబ్రరీ గ్రాంటుతో ఏ పుస్తకాలు కొనాలి, అలాంటివి. ఎవరైనా మీకు కొత్త ‘బాధ్యత’ అప్పగించినప్పుడు ఒక్క ప్రశ్న వేసుకోండి: దీనివల్ల నేను కొత్తగా నిర్ణయించగలిగేది ఏమిటి? ఏమీ లేకపోతే అది అదనపు చాకిరీ.

మరి డబ్బుతో టీచర్ల పని మారదా అంటే, ఆ ప్రయోగం మన దగ్గరే జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో 2005 నుంచి కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చేసిన అధ్యయనం ఆర్థికశాస్త్రవేత్తల్లో బాగా పేరున్నది. తరగతి సగటు మార్కులు అయిదు శాతం దాటి పెరిగితే ఆపైన ప్రతి శాతానికీ టీచరుకు 500 రూపాయలు. సగటున అది ఏడాది జీతంలో మూడు శాతం అటూఇటూ. కొన్ని బడుల్లో ఒక్కొక్క టీచరుకు విడిగా, కొన్నింట్లో బడి మొత్తానికి కలిపి ఇచ్చారు. రెండేళ్లకు బోనసు ఉన్న బడుల పిల్లలు లెక్కల్లో 0.27, భాషలో 0.17 స్టాండర్డ్ డీవియేషన్లు (మార్కుల్లో తేడాను కొలిచే యూనిట్లు) ముందున్నారు. ఇది చిన్న తేడా కాదు. ఇంకో విశేషం, టీచర్ల గైర్హాజరు తగ్గలేదు. వచ్చిన రోజుల్లోనే ఎక్కువ పనిచేశారు, హోంవర్కు, అదనపు క్లాసు, ప్రాక్టీసు పరీక్ష.

కాబట్టి డబ్బు పనిచేయదు అనేవాళ్ల మాట నేను ఒప్పుకోను. కానీ అది బోనసు, మెట్టు కాదు. ఆ ఏడాది బాగా చెప్పినందుకు ఆ ఏడాది డబ్బు. దానివల్ల టీచరు పాత్ర మారదు, పక్క టీచరుకు ఏమీ అందదు. పైగా అది పరిశోధనగానే ఆగింది, ప్రభుత్వ విధానంగా మారలేదు.

మెట్లు కట్టి చూసినవాళ్లలో అమెరికాలోని టెనెసీ రాష్ట్రం కథ తెలుసుకోదగ్గది. 1984లో అక్కడి గవర్నరు లామర్ అలెగ్జాండర్ పట్టుబట్టి కెరీర్ లాడర్ చట్టం తెచ్చాడు. అమ్మకం పన్ను పెంచి మరీ డబ్బు సమకూర్చారు. కొత్త టీచరు దశలు దాటాక కెరీర్ లెవెల్ 1, 2, 3. మొదటి లెవెల్‌కు ఏడాదికి 1,000 డాలర్లు, మూడో లెవెల్‌లో పన్నెండు నెలలూ పనిచేస్తే 7,000 డాలర్ల వరకు. పై మెట్లకు బయటనుంచి మూల్యాంకనం చేసేవాళ్లు వచ్చి క్లాసులు చూడాలి, టీచర్లు ఫైళ్లకు ఫైళ్లు తయారు చేయాలి. టీచర్ల సంఘం మొదటినుంచీ వ్యతిరేకించింది. చివరికి మొదటి మెట్టు దాదాపు అడిగినవాళ్లందరికీ దొరికింది, పై రెండు మెట్ల దగ్గర కాగితాలు పేరుకుపోయాయి. 1997లో కొత్తవాళ్లను చేర్చుకోవడం ఆపేశారు. తర్వాత ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు పాత మార్కులు తిరగేస్తే, ఆ నిచ్చెన ఎక్కిన టీచర్ల దగ్గర చదివిన పిల్లలు లెక్కల్లో ఓ మూడు పర్సెంటైల్ పాయింట్లు ముందున్నారు, చదవడంలో స్పష్టమైన తేడా లేదు. పై మెట్టువాళ్లు కింది మెట్టువాళ్లకంటే ఖాయంగా మెరుగు అని కూడా తేలలేదు.

నాకు అందులో కనిపించే లోపం మూల్యాంకనం కంటే ముందుది. మెట్టు ఎక్కినా రోజువారీ పని చాలామందికి అలాగే ఉంది. వేసవిలో అదనపు రోజుల పని మినహాయిస్తే, మూడో మెట్టు టీచరు సోమవారం ఉదయం చేసేదీ, మొదటి మెట్టు టీచరు చేసేదీ ఒకటే. అలాంటప్పుడు మిగిలేది డబ్బు, దానికోసం ఫైలు.

సింగపూర్ వాళ్లు 2001లో దీన్ని ఇంకోలా చేశారు. టీచరుకు మూడు దారులు: బోధన, నాయకత్వం, ప్రత్యేక నైపుణ్యం. నాయకత్వం దారిలో పోతే హెడ్ ఆఫ్ డిపార్ట్‌మెంట్, ప్రిన్సిపల్. బోధన దారిలో పోతే సీనియర్ టీచర్, లీడ్ టీచర్, మాస్టర్ టీచర్, చివర ప్రిన్సిపల్ మాస్టర్ టీచర్. ఈ బోధన దారిలో ఎంత పైకి పోయినా బోధనే పని. కాకపోతే పైకి పోయేకొద్దీ మీ దగ్గర నేర్చుకునేవాళ్లలో పిల్లలతోపాటు టీచర్లు కూడా చేరతారు. ముందు ఒక బడిలో కొత్తవాళ్లు, తర్వాత చుట్టుపక్కల బడులవాళ్లు, ఆపైన దేశం మొత్తం. అంత చిన్న దేశంతో మనకు పోలికేమిటి అని మీరు అనొచ్చు. జనాభాలో వాళ్లది మన పాత ఉమ్మడి పెద్ద జిల్లా ఒకటో రెండో అంత. జిల్లా స్థాయిలో చేయగలిగినదాన్ని రాష్ట్రంలో చేయలేమని అనడానికి అది కారణం కాదు.

ఇంగ్లండులో 1998నుంచి 2013దాకా అడ్వాన్స్‌డ్ స్కిల్స్ టీచర్ అని ఒక హోదా ఉండేది. అందులో నాకు నచ్చింది ఒక్కటే: వారంలో నాలుగు రోజుల పని సొంత బడిలో, ఒక రోజు వేరే బడుల టీచర్లతో. ఆ ఒక్కరోజు కాగితం మీద రాసి ఇచ్చారు. మన డీఆర్‌జీ, ఎస్ఆర్‌జీ (జిల్లా, రాష్ట్ర ట్రైనర్ల బృందాల) సభ్యులకు అలాంటి రోజు లేదు. ట్రైనింగుకు పిలిస్తే వెళ్లాలి, వెళ్లినన్నాళ్లు సొంత తరగతి దిక్కులేకుండా ఉంటుంది, తిరిగొచ్చాక పోర్షన్ మనమే పరుగెత్తించాలి.

మన దగ్గర ఇది అసలు జరగలేదా అంటే జరిగింది. 1980ల నడిమిలో బ్రిటిష్ సాయంతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, మనం ఏపీపెప్ అని పిలుచుకున్నది, పల్లెటూరి టీచర్లను టీచర్ సెంటర్లలో కూర్చోబెట్టింది. అక్కడ టీచరే పక్క టీచరుకు చూపించాలి. ఆరు సూత్రాలు గోడమీద ఉండేవి, పిల్లల పని గోడలనిండా తగిలించేవాళ్లం. తర్వాత డీపీఈపీ (జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం) వచ్చింది, ఆ కేంద్రాలు మెల్లగా స్కూల్ కాంప్లెక్స్ (దగ్గరి బడుల సముదాయం) మీటింగులుగా మారాయి. ఇప్పుడు ఆ మీటింగు ఎలా నడుస్తుందో మీకు చెప్పక్కర్లేదు. టీ, బిస్కెట్లు, పైనుంచి వచ్చిన వీడియో, గూగుల్ ఫారం, గ్రూప్ ఫొటో. కొఠారీ కమిషన్ 1966లో స్కూల్ కాంప్లెక్స్ అన్నప్పుడు దాని ఉద్దేశం ఇది కాదు.

మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ చుట్టుపక్కల ఏకోపాధ్యాయ బడుల సంగతి ఇంకా బాగుంటుంది. పద్మనాభరావు, రమ దంపతులు ఆ ఊళ్ల యువతీయువకులనే టీచర్లుగా తీర్చిదిద్ది, పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా, ఒకదాని తర్వాత ఒకటి ఎక్కే మెట్లుగా విడగొట్టారు. ఏ పిల్ల ఏ మెట్టు మీద ఉందో పిల్లకే తెలుసు. 2003లో చెన్నై కార్పొరేషన్ టీచర్లు అక్కడికి వచ్చి నేర్చుకుని వెళ్లారు, తర్వాత కొన్నేళ్లకు ఆ పద్ధతి తమిళనాడు ప్రాథమిక బడులన్నింటికీ పాకింది. పల్లెబడుల్లో పుట్టిన పద్ధతి అంత దూరం పోయింది. అక్కడి టీచర్లకు అందువల్ల పదవులేమీ రాలేదు. కానీ వాళ్ల పని ఒకటో తరగతి గది దాటి ఎంతమందికి చేరిందో చూడండి. మీరు వెతుక్కోవాల్సిన ఎదుగుదల ఆ దిక్కున ఉంది.

ఇప్పుడు మీరు చేయగలిగినవి చెప్తాను. ఆర్డరు కోసం ఎదురుచూస్తే ఇవేవీ రావు.

మెగా డీఎస్సీ-2025లో 16,347 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు. అంటే మీ మండలంలోనూ కొత్త ఎస్జీటీలు ఉంటారు. వాళ్లలో చాలామంది కోచింగ్ సెంటర్లో సైకాలజీ బిట్లు బట్టీపట్టి వచ్చినవాళ్లు, ఒకటో తరగతి నలభై నిమిషాలు నిలబెట్టలేక మొదటి నెలలోనే ఏడ్చేస్తారు. ఇద్దరిని ఎంచుకోండి, పదిమంది వద్దు. వాళ్ల క్లాసు మీరు చూడాలి, మీ క్లాసు వాళ్లు చూడాలి. దీనికి ఎంఈవో గారిని అడగాల్సింది డబ్బు కాదు, నెలకు ఒక పూట. రాతపూర్వకంగా అడగండి. కుదరదంటే కాంప్లెక్స్ మీటింగు రోజునే అడగండి, ‘ఈసారి వీడియో బదులు నేను రెండో తరగతి పిల్లలతో డెమో ఇస్తాను’ అని. నాకు తెలిసి ఏ కాంప్లెక్స్ హెచ్‌ఎం కూడా దీనికి కాదనరు, వాళ్లకూ ఆ వీడియోలు విసుగే.

ఇంకొకటి, మీరు తయారుచేసుకున్న సామగ్రి. పదమూడేళ్ల వర్క్‌షీట్లు, కార్డులు, కథలు మీ బీరువాలో ఉంటాయి. అందులో పనిచేసినవి వేరు చేసి, ఎందుకు పనిచేశాయో ఒక్కో పేరా రాయండి. రాష్ట్ర విద్యాసంస్థ ఎస్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకాలు, టీచర్ హ్యాండ్‌బుక్‌లు రాసేటప్పుడు టీచర్లనే పిలుస్తారు. పిలిచేది ఎవరిని? పేరు తెలిసినవాళ్లను. పేరు ఎలా తెలుస్తుంది? ఇలాగే. కాస్త మొహమాటం పక్కనపెట్టి డైట్ (జిల్లా టీచర్ శిక్షణ సంస్థ) లెక్చరర్లకు చూపించండి.

ఏ పని తలకెత్తుకున్నా దానికి బదులు ఒకటి దించుకోండి. మధ్యాహ్న భోజనం రిజిస్టరో, యాప్ ఎంట్రీలో, బడిలో ఇంకెవరైనా చూడగలిగింది ఒకటి. ఏకోపాధ్యాయ బడి అయితే ఇది కుదరదు, అప్పుడు కొత్తది ఎత్తుకోకండి. మంచి టీచరు అన్న పేరు వచ్చాక ప్రతి కమిటీలోనూ వేస్తారు, దాన్ని గౌరవం అనుకుని మునిగిపోయినవాళ్లను చాలామందిని చూశాను. ఈ టెన్షన్‌తో చివరికి పిల్లలకే టైము ఉండదు.

మీ చెల్లెలి సంగతి. నర్సుల్లో మన నిచ్చెన ఇంకా ఇరుకు. స్టాఫ్ నర్సు పైన హెడ్ నర్సు, ఆపైన సూపరింటెండెంట్. హెడ్ నర్సు అయితే ఇండెంట్లు, డ్యూటీ చార్టులు, లినెన్ లెక్కలు, రోగి దగ్గర గడిపే సమయం తగ్గుతుంది. అందుకే ఆమెను నిలువు మెట్టు కోసం ఎదురుచూడకుండా నైపుణ్యం దారి చూడమనండి. దీనికి మన పక్కనే ఉదాహరణ ఉంది. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఫెర్నాండెజ్ ఆసుపత్రి, యునిసెఫ్ తోడ్పాటుతో కరీంనగర్‌లో ప్రభుత్వ నర్సులకు మిడ్‌వైఫరీలో పద్దెనిమిది నెలల శిక్షణ మొదలుపెట్టింది. మరుసటి ఏడాది కేంద్రం దేశమంతటికీ ‘నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ’ మార్గదర్శకాలు తెచ్చింది. ఆ కోర్సు చేసిన నర్సు మామూలు కాన్పును తానే నడిపిస్తుంది, డాక్టరును పిలవాల్సిన ఘట్టం ఏదో తానే నిర్ణయిస్తుంది. నేను పైన చెప్పిన ‘నిర్ణయం చేతికి రావడం’ అంటే ఇదే. ప్రసూతి ఇష్టం లేకపోతే డయాలసిస్, ఇన్ఫెక్షన్ కంట్రోల్ లాంటివి చూడొచ్చు. నెదర్లాండ్స్‌లో 2006లో మొదలైన బూర్ట్‌జోర్ఖ్ అనే సంస్థలో ఇళ్లకు వెళ్లి సేవచేసే నర్సులు పన్నెండు మందికి మించని జట్లుగా ఉంటారు, పైన మేనేజరే ఉండడు. డ్యూటీలు, కొత్తవాళ్లను తీసుకోవడం అన్నీ జట్టే చూసుకుంటుంది. మన ప్రభుత్వాసుపత్రిలో అంతటి స్వేచ్ఛ అడగలేం, కానీ వార్డు డ్యూటీ చార్టు నర్సులే కూర్చుని వేసుకోవడం అడగొచ్చు.

మీవారి ఫ్యాక్టరీ గురించి నేను ఎక్కువ చెప్పలేను, ఆయన కంపెనీ ఏమిటో మీరు రాయలేదు. స్వీడన్‌లో వోల్వో వాళ్లు 1974లో కల్మార్‌లో కదిలే లైను తీసేసి, జట్లకు కారులో ఒక భాగం మొత్తం అప్పగించిన ఫ్యాక్టరీ కట్టారు. అది 1994లో మూతపడింది. అమ్మకాలు పడిపోతే ఇలాంటివే ముందు పోతాయి. సూపర్‌వైజరుగా ఆయన అడగదగ్గది చిన్నది: తన షిఫ్టులో క్వాలిటీ చెకింగ్‌ను వేరే డిపార్ట్‌మెంటు కాకుండా తన మనుషులే చేసుకునేలా అనుమతి. ఒక్క లైన్లో, మూడు నెలలు.

చివరగా మీ కాగితాల పని. స్కూల్ అసిస్టెంటుకు వెళ్లాలనుకుంటే టెట్ (టీచర్ అర్హత పరీక్ష) పేపర్-2 ఉందో లేదో చూసుకోండి. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం ప్రమోషన్‌కు టెట్ తప్పనిసరి, మీరు డీఎస్సీకి రాసింది పేపర్-1 మాత్రమే అయితే అది సరిపోదు. వెళ్లకూడదనుకుంటే కౌన్సెలింగుకు గైర్హాజరై ఊరుకోవద్దు, నాట్ విల్లింగ్ అని రాసి ఇచ్చి రసీదు తీసుకోండి. రాసే ముందు మీ జీతాల బిల్లులు చేసే డీడీవోతోనూ, డీఈవో ఆఫీసులో మీ సెక్షన్ సూపరింటెండెంటుతోనూ రెండు సంగతులు అడగండి: వదులుకున్నాక మళ్లీ ఎప్పుడు పేరు పరిగణనలోకి వస్తుంది, 18, 24 ఏళ్ల స్కేళ్ల మీద దీని ప్రభావం ఏమిటి. ప్రమోషన్ కాదన్నవాళ్లకు ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ స్కేళ్ల దగ్గర ఆడిట్ అభ్యంతరాలు రావడం కొత్త కాదు. నోటిమాట మీద నమ్మకండి, జీవో కాపీ అడిగి సర్వీస్ రిజిస్టరుతోపాటు దాచుకోండి. ఎల్ఎఫ్ఎల్ హెచ్‌ఎం సీనియారిటీ లిస్టులో మీ నంబరు కూడా అదే రోజు చూసుకుని రండి, రెండుసార్లు తిరగక్కర్లేదు.